పాలు పడనివాళ్ల పక్షాన

పాలు తాగితే కడుపు ఉబ్బరించేవాళ్లను మన ఇళ్లలో "ఆయనకి పాలు పడవండీ" అని ఏదో లోపమున్నట్టు చెప్పుకుంటారు. లెక్క చూస్తే లోకంలోని పెద్దవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది పాలలోని చక్కెరను సరిగా అరిగించుకోలేరు. నేనూ వాళ్లలో ఒకణ్ని కాబట్టి పాలు అరగడం వెనకున్న చరిత్ర చదివేటప్పుడు నాకు కాస్త పక్షపాతం ఉంది. ముందే చెబుతున్నాను.

పాలలోని చక్కెర పేరు లాక్టోజ్. చిన్నపేగులో దాన్ని విడగొట్టే ఎంజైమ్ లాక్టేజ్. తల్లిపాలు తాగే వయసులో దాదాపు ఏ క్షీరదానికైనా అది పుష్కలంగా ఉంటుంది, పాలు మరిచాక తగ్గిపోతుంది. దూడకైనా, పిల్లికైనా, మనిషికైనా అదే వరస. అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరి అక్కడి సూక్ష్మజీవులకు విందవుతుంది, గ్యాసూ నీళ్ల విరేచనాలూ మనకు మిగులుతాయి. అంటే పాలు అరగకపోవడం ఎదగడంలో ఒక భాగమే. కొందరిలో మాత్రం ఆగవలసిన ఎంజైమ్ తయారీ ఆగదు. దాన్నే మనం గొప్ప శక్తిగా లెక్కేస్తున్నాం.

ఆ ఆగకపోవడానికి కారణం చాలా చిన్నది. లాక్టేజ్ జన్యువుకు దాదాపు 14 వేల డీఎన్ఏ అక్షరాల అవతల, పక్క జన్యువులో, 'సి' ఉండే చోట 'టి' పడింది. ఫిన్లాండ్ కుటుంబాలను పరిశీలించిన శాస్త్రవేత్తలు 2002లో దీన్ని పట్టుకున్నారు. తూర్పు ఆఫ్రికా పశువుల కాపరుల్లో ఇదే పని చేసే మార్పులు వేరుగా ఉన్నాయని 2007లో తేలింది. ఒంటెలు పెంచే అరబ్బుల్లో మరొకటి ఉంది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే అన్ని చోట్లా అదే ఫలితం వచ్చింది. మన దేశంలో ఎక్కువగా కనిపించేది ఐరోపావాళ్లలో ఉన్న ఆ సి-టి మార్పే, మూలం కూడా ఒకటే. వాయవ్యంలో ఎక్కువగా ఉండి, దక్షిణానికీ తూర్పుకీ వచ్చేకొద్దీ పలచబడుతుంది.

పశువులను మచ్చిక చేసుకున్నారు, పాలు తాగారు, తాగగా తాగగా ఒంటికి అలవాటైంది అని చాలామంది అనుకుంటారు. అలవాటు జన్యువును మార్చదు. పైగా కాలం లెక్క కూడా కుదరదు. వాయవ్య టర్కీలో క్రీ.పూ. 7వ సహస్రాబ్ది నాటి కుండపెంకుల్లోనే పాలకొవ్వు ఇంకి ఉంది. క్రీ.పూ. 1200 ప్రాంతంలో ఉత్తర జర్మనీలోని టోలెన్స్ నది ఒడ్డున పెద్ద పోరు జరిగింది. అందులో చచ్చినవాళ్ల ఎముకల్లో డీఎన్ఏ చూస్తే, పాలు అరిగే మార్పు ఉన్నది ఎనిమిది మందిలో ఒకరికే. ఐరోపా జనం పాలు వాడటం మొదలెట్టి అప్పటికి వేల ఏళ్లు దాటింది.

మరి ఆ తర్వాత ఆ మార్పు ఎందుకు అంత వేగంగా పాకింది? 2022లో శాస్త్రవేత్త రిచర్డ్ ఎవర్షెడ్ బృందం 550కి పైగా తవ్వకాల చోట్ల దొరికిన కొవ్వు ఆనవాళ్లను ప్రాచీన డీఎన్ఏతో కలిపి చూసింది. పాల వాడకం పెరగడానికీ ఆ మార్పు పెరగడానికీ సంబంధం కనబడలేదు. వాళ్లు ప్రతిపాదించిన కారణాలు కరువులు, అంటురోగాలు. కడుపు నిండి ఉన్న రోజుల్లో పాలు పడకపోతే కాసేపు ఉబ్బరం, అంతే. పంట పోయి ఎముకలగూడుగా మారిన మనిషికి అవే పాలు విరేచనాలు పట్టిస్తే ప్రాణం మీదికొస్తుంది. పాలు అరిగినవాళ్లు మిగిలారు, వాళ్లకు పిల్లలు పుట్టారు అన్నది ఆ బృందం వాదన.

నాకు ఈ విషయం దగ్గరే మనసు ఆగిపోతుంది. మనిషి పాలు అరిగించుకోవడం నేర్చాడని పాఠాల్లో ఒక్క వాక్యంలో ముగిస్తాం. నేర్చుకున్నవాడు ఎవడూ లేడు. ఆ వాక్యం వెనక ఆకలితో, దాహంతో పోయిన పిల్లలున్నారు, పేరు నిలిపే సంతానం లేకుండా ముగిసిన వంశాలున్నాయి. తట్టుకోలేక పోయినవాళ్ల లెక్క వదిలేసి, మిగిలినవాళ్ల బలాన్ని పొగడటం నాకు రుచించదు.

పక్కనే ఎవరి ప్రాణమూ తీయని దారి మరొకటి ఉంది. కాచిన పాలు గోరువెచ్చగా అయ్యాక ఇంత తోడు వేసి ఉంచితే తెల్లారేసరికి లాక్టోజ్‌లో కొంత భాగం సూక్ష్మజీవులే తినేసి పులుపుగా మారుస్తాయి. మిగిలినదాన్ని పేగులో అరిగించడానికీ అవే సాయపడతాయి. చిలికి తీసిన వెన్నను కాచి నెయ్యి చేస్తే లాక్టోజ్ దాదాపు ఉండదు. పోలెండ్‌లో 7 వేల ఏళ్ల కిందటి చిల్లుల కుండల్లో పాలకొవ్వు దొరికింది, అవి చీజ్ వడగట్టడానికి వాడినవి. మంగోలియా గడ్డిమైదానాల జనం మూడు వేల ఏళ్లకు పైగా పాల మీద ఆధారపడి బతికారు. ఇప్పటికీ ఆ మార్పు ఉన్నవాళ్లు అక్కడ బహు తక్కువ. గుర్రప్పాలు తోలుతిత్తిలో పులియబెట్టి ఐరాగ్ అనే పానీయం చేసుకుని తాగుతారు. వాళ్లకు జన్యువు చేయని పని తోలుతిత్తి చేసింది, మనకు చల్లకుండ చేసింది. జన్యువుకూ కుండకూ మధ్య నా ఓటు కుండకే.

కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా పాలు పడవంటే బలం కోసమని గ్లాసు నోటికి పెట్టకండి. ఓ లోటాడు మజ్జిగ ఇవ్వండి.