గెలుపూ, అర్హతా

ఇంగ్లండులో ఆడే రగ్బీ యూనియన్ ఆటలో రెండవ శ్రేణి పోటీకి 2025 వరకు ఛాంపియన్‌షిప్ అని పేరు వుండేది. 2021-22 సీజనులో అందులో 11 క్లబ్బులు పాల్గొన్నాయి. ప్రతి క్లబ్బూ మిగిలిన పదింటితోనూ సొంత మైదానంలో ఒకసారి, ఎదుటివారి మైదానంలో ఒకసారి తలపడాలి. అంటే మొత్తం 20 ఆటలు. శరత్కాలంలో మొదలై, చలికాలమంతా బురదలో నడిచి, వసంతంలో ముగిసే పోటీ అది. చివరికి పడమటి లండనుకు చెందిన ఈలింగు ట్రెయిల్‌ఫైండర్స్ క్లబ్బు మొదటి స్థానంలో నిలిచింది. మొదటి స్థానంలో నిలిచిన క్లబ్బు పై శ్రేణికి, అంటే ప్రీమియర్‌షిప్‌కు, పోవలసివుండేది. ఈలింగు పోలేదు. ఆటలో ఓడినందువల్ల కాదు. దాని మైదానంలో 10,001 మంది ప్రేక్షకులకు చోటు లేనందువల్ల.

పదివేలు చాలదట, మరొకడు కూడా కావాలట. ఆ పైన మిగిలిన ఒక్కడెవడో నాకు నేటికీ బోధపడలేదు.

కోడిగుడ్డు ఆకారంలో వున్న బంతిని చంకన పెట్టుకొని పదిహేనుమంది పరుగులు తీసే ఈ ఆటతో మనకేమి పని అని మిత్రులు అడుగుతారని తెలుసు. ఆట సంగతి ఎలావున్నా, అందులోనుంచి లేచిన ప్రశ్న మాత్రం ఆటకు పరిమితమైనది కాదు. మనిషి చేసిన పని ఒకటి, ఆ పనికి ఫలితం పొందే అర్హత మరొకటి అని సమాజం వాటిని విడదీసినప్పుడు, ఆ రెండింటి మధ్యా నిలబడేదేమిటి? దానికి మనం ఏ పేరు పెట్టాలి? “నిబంధన” అని పేరు పెట్టినంత మాత్రాన అది న్యాయం అవుతుందా?

ముందు కొంత చరిత్ర చెప్పుకోవాలి. అది లేకుండా ఈ 10,001 అర్థం కాదు.

ఇంగ్లండులో ఈ ఆటను పాలించే రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ 1871లో పుట్టింది. ఖరీదైన బడుల్లో చదివిన పెద్దింటి బిడ్డలు దానిని స్థాపించారు. అయితే ఆట వారి చేతుల్లోనే వుండిపోలేదు. యార్క్‌షైర్, లాంకషైర్ జిల్లాల్లోని గని కార్మికులూ, మిల్లు కార్మికులూ దానిని అందిపుచ్చుకున్నారు. త్వరలోనే దొరబిడ్డలకన్న బాగా ఆడడం మొదలుపెట్టారు. అక్కడే చిక్కు వచ్చింది. శనివారం ఆడాలంటే కార్మికుడు పని మానుకోవాలి. పని మానితే ఆ పూట కూలి పోతుంది. పోయిన కూలికి పరిహారం ఇవ్వనివ్వండి అని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. జీతం అడగలేదు, పోయినదానిని పూడ్చమన్నాయి. 1893లో యూనియన్ సభలో ఆ తీర్మానానికి 136 ఓట్లు వస్తే, వ్యతిరేకంగా 282 వచ్చాయి. ఆట పవిత్రమైనది, డబ్బు ముట్టరాదు అన్నారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డులోని జార్జి హోటలులో 20కి పైగా క్లబ్బుల ప్రతినిధులు సమావేశమై వేరుపడిపోయారు. నేడు రగ్బీ లీగు అనే మరో ఆట వున్నదంటే దానికి పుట్టుక అది.

ఆ పవిత్రతను గురించి ఒక ముచ్చట. ఇంగ్లండూ స్కాట్లండూ ఏటేటా పోటీపడి గెలుచుకునే కప్పుకు కలకత్తా కప్పు అని పేరు. మన కలకత్తాలో ఈ ఆట ఆడిన దొరలు, తమ క్లబ్బు మూతపడినప్పుడు, బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలను కరిగించి దానిని చేయించారు. 1879 నుంచి దానికోసం ఆడుతున్నారు. డబ్బు సోకని ఆట అని చెప్పుకున్నవారి కప్పు అచ్చంగా డబ్బుతో చేసిందే. ఆ రూపాయలు ఈ దేశంలో ఎవరి చెమటనుంచి వచ్చాయో విడిగా చెప్పనక్కరలేదు.

1893లో తిరస్కరించిన నిబంధన చూడడానికి అందరికీ సమానమే. దొరకూ పరిహారం లేదు, గని కార్మికునికీ లేదు. దొరకు అక్కరలేదు గనుక అతనికి నష్టం లేదు. కార్మికునికి తిండి పోయింది. మాటల్లో సమానమైన నిబంధన బ్రతుకుల్లో అసమానంగా పనిచేయడం మనకు కొత్త సంగతి కాదు. ఓటు హక్కుకు ఆస్తి వుండాలన్న కాలంలో కూడా ఆ షరతు అందరికీ ఒకటే.

సరిగ్గా 100 సంవత్సరాల తరువాత, 1995 ఆగస్టులో, అంతర్జాతీయ రగ్బీ బోర్డు ఆటలో జీతాలకు అనుమతి ఇచ్చింది. పవిత్రత పోయింది. దాని స్థానంలోకి “ప్రమాణాలు” అనే మాట వచ్చింది. ఒకప్పుడు డబ్బు ముట్టినవాడు అనర్హుడు. ఇప్పుడు డబ్బు లేనివాడు అనర్హుడు. తలుపు దగ్గర కాపలాదారు మారలేదు, అతడు అడిగే చీటీ మారింది.

ఇక ఆ సీజను సంగతి. ఆ 11 క్లబ్బుల్లో ఎన్ని రకాలవి వున్నాయో చూడండి. పెన్జాన్స్‌లో, దేశానికి నైరుతి కొసన, కార్నిష్ పైరేట్స్. బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ఆంప్ట్‌హిల్ అనే చిన్న వూరి జట్టు. హార్ట్‌పురీలో ఒక విద్యాసంస్థ జట్టు. సముద్రం మధ్య దీవినుంచి జెర్సీ రెడ్స్; వీరితో ఆడాలన్నా, వీరు ఎక్కడికైనా వెళ్ళి ఆడాలన్నా మధ్యలో సముద్రం దాటాలి. యూనియన్ ఈ శ్రేణికి ఇచ్చే డబ్బును 2020లో దాదాపు సగానికి తగ్గించింది. పగలు మరో వుద్యోగం చేసుకొని సాయంత్రం సాధనకు వచ్చే ఆటగాళ్ళు ఇందులో చాలామంది వుండేవారు. ఎముకలు విరిగే ఆట ఇది. సోమవారం వుదయం పనికి పోవాలని తెలిసీ శనివారం తలవంచి గుంపులో దూరేవాడిని ఏమనాలి?

ఆ సీజను ఇంకా ముగియకముందే, పై శ్రేణికి దరఖాస్తు పెట్టిన ఈలింగు, డాన్‌కాస్టర్ క్లబ్బులు రెండూ కనీస ప్రమాణాలను అందుకోలేదని యూనియన్ ప్రకటించింది. రెండు మైదానాల్లోనూ పట్టే జనం ఆ సంఖ్యలో సగం దగ్గరే. ఈలింగు అప్పీలు చేసింది, ఓడింది. కాని పోటీ ఆగలేదు. ఎవరు గెలిచినా పైకి పోరని తేలిన తరువాత కూడా మిగిలిన ఆటలన్నీ ఆడారు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్న ఆలోచింపజేసిన భాగం ఇదే. ఫలితం లేదని తెలిసీ మనుషులు పనిని పనిగా చేశారు. దీనిని నిష్కామకర్మ అని కీర్తించే పెద్దలు మనలో వున్నారు. వారికి నా మనవి ఒకటే: ఫలితాన్ని తానై వదులుకోవడం వేరు, చేతిలోనుంచి లాక్కోబడడం వేరు. రెండోదానికి మొదటిదాని పేరు పెట్టడం పాలకులకు చాలా అనుకూలమైన వేదాంతం.

ఎదుటి పక్షం వాదన బలహీనమైనదని నేననను. అంతకుముందు ఏడు, 2021లో, ఇదే ఈలింగు సారసెన్స్‌తో రెండు తుది ఆటలు ఆడి 60-0, 57-15 తేడాలతో చిత్తుగా ఓడింది. అంతకుముందు 2003-04లో పై శ్రేణికి ఎక్కిన రాదరమ్ క్లబ్బు ఆడిన 22 ఆటలూ ఓడిపోయింది. శక్తిలేని జట్టును పైకి ఎక్కించి అవమానించడమెందుకు, ప్రమాణాలు వారి మేలుకే కదా అంటారు. అయితే ఆ సారసెన్స్ రెండవ శ్రేణిలో ఎందుకున్నదో కూడా చెప్పాలి. ఆటగాళ్ళ జీతాల పరిమితిని అతిక్రమించినందుకు 2020లో దానిని పై శ్రేణినుంచి దించారు. జాతీయ జట్టులో ఆడే వీరులతో అది కిందికి వచ్చి, ఒక్క ఏడు ఆడి, తిరిగి పైకి పోయింది. దాని ఎదుట తలుపు మూయలేదు. తప్పుచేసి దిగినవానికి దారి వున్నది, ఒప్పుగా ఆడి ఎక్కబోయినవానికి లేదు. పైగా రాదరమ్ ఓడింది నిజమే కాని, ఓడే అవకాశం దానికి దక్కింది. ఓడడం కూడా ఒక హక్కే.

ప్రమాణాలు నిజంగా దేనిని కొలుస్తున్నవి? 10,001 సీట్లు వున్న క్లబ్బు నిలకడగా నడుస్తుందనీ, లేనిది కూలుతుందనీ దానివెనుక వున్న నమ్మకం. ఈ నమ్మకానికి పరీక్ష ఎన్నో ఏళ్ళు పట్టలేదు. 2022-23 సీజను పై శ్రేణిలో 13 క్లబ్బులతో మొదలైంది. ఆ శరత్కాలంలోనే వూస్టర్ వారియర్స్ కూలింది. అక్టోబరులో వాస్ప్స్ దివాళా నిర్వాహకుల చేతిలోకి పోయింది. 2023 జూనులో లండన్ ఐరిష్‌ను పోటీలనుంచి తొలగించారు. మూడింటికీ నిబంధన కోరినంత మైదానాలున్నవి. వాస్ప్స్ ఆడిన కోవెంట్రీ స్టేడియంలో 32,000 మందికి పైగా కూర్చోవచ్చు. 1867లో పుట్టిన ఆ క్లబ్బు లండను ప్రాంతం విడిచి అంత పెద్ద మైదానానికి పోవడం, 2015లో 3 కోట్ల 50 లక్షల పౌన్లకు బాండ్లు జారీచేసి అప్పు తేవడం, ఆ అప్పు తీర్చవలసిన గడువు 2022లో రావడం — ఇదంతా ఒక వరుస. సీట్లున్నవి, కూర్చునేవారు చాలినంతమంది లేరు, అప్పు మాత్రం నిండుగా వున్నది. కాంక్రీటును లెక్కపెట్టిన అధికారి బాకీని లెక్కపెట్టలేదు. ఆస్తిని చూసి మనిషిని నమ్మే షావుకారు బుద్ధి ఇది; ఆ ఆస్తి తాకట్టులో వున్నదా అని కూడా అడగలేదంటే మంచి షావుకారు బుద్ధి కూడా కాదు.

నిబంధన లోపలివారికి ఒకటి, వెలుపలివారికి ఒకటి అన్న అనుమానం కూడా వుట్టిది కాదు. 2012లో లండన్ వెల్ష్ రెండవ శ్రేణి గెలిచినప్పుడు, ఆక్స్‌ఫర్డ్‌లో వారు చూసుకున్న మైదానంపై వారికి మొదటి హక్కు లేదన్న కారణంతో అడ్డుకున్నారు. పై శ్రేణిలో అప్పటికే వున్న కొన్ని క్లబ్బులకు అదే షరతునుంచి మినహాయింపు వున్నదని అప్పీలులో బయటపడింది. లండన్ వెల్ష్ నెగ్గి పైకి పోయింది. అయిదేళ్ళు తిరగకముందే అదీ మూతపడింది.

ఇక్కడ నేను నా పక్షాన్ని కూడా నిలదీయాలి. ఈలింగును పీడితుల క్లబ్బుగా చిత్రించి కన్నీరు కార్చడం సులభం, అది అబద్ధం. ఒక పెద్ద ప్రయాణాల కంపెనీ స్థాపించిన సంపన్నుని డబ్బుతో అది పైకి వచ్చింది. క్లబ్బు పేరులోనే ఆ కంపెనీ పేరున్నది. హడర్స్‌ఫీల్డు హోటలులో కూర్చున్న మిల్లువారికీ దీనికీ పోలిక లేదు. ఇది ధనవంతునికీ ధనవంతులకూ మధ్య తగాదా, మనకెందుకు అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. అంతటితో ఆగలేదు. పైకి ఎక్కే నిచ్చెన అనేదే ఒక మాయ, ఒకడు ఎక్కితే ఒకడు దిగాలి, కిందివానికి ఆశ చూపి శ్రేణులను నిలబెట్టడానికే అది వున్నది, నిచ్చెన తీసివేస్తే కనీసం భ్రమ తొలగుతుంది అన్నాడు.

ఈ వాదన విని చాలా రోజులు ఆలోచించాను. సగం ఒప్పుకుంటాను. నిచ్చెన వున్నంతమాత్రాన సమానత్వం రాదు. కాని నిచ్చెన తీసివేసినవాడు శ్రేణులను తీసివేయలేదే! పైవారు పైన, కిందివారు కింద, శాశ్వతంగా వుండిపోయారు. వర్ణవ్యవస్థ ఎరిగిన దేశంలో పుట్టినవాడికి దాని అర్థం ఇంకొకరు చెప్పనక్కరలేదు. భ్రమ తొలగడంకోసం ద్వారం మూయాలనేవాడు, మూసిన ద్వారానికి రెండోవైపున వున్నవారి లెక్కలు చూడడం లేదు. ఇక యజమాని ధనవంతుడా కాదా అన్నది వేరే ప్రశ్న. ఇరవై ఆటలు ఆడినవాడు యజమాని కాదు. ఆ గెలుపు ఎవరిదో ముందు తేల్చుకుంటే, మన సానుభూతి ఎటు పోవాలో తేలుతుంది.

యజమాని లేకపోతే ఏమవుతుందో జెర్సీ చూపింది. 2022-23 సీజనులో ఆ దీవి జట్టు ఈలింగును వెనక్కు నెట్టి ఛాంపియన్‌షిప్ గెలిచింది. దానికీ పైకి దారిలేదు. 2023 సెప్టెంబరులో ఒక కప్పు పోటీలో పై శ్రేణికి చెందిన బాత్ జట్టును ఓడించింది కూడా. అదే నెల 28న క్లబ్బు మూతపడింది. డబ్బు పెట్టేవారు ఇక పెట్టలేమన్నారు; రెండవ శ్రేణి భవిష్యత్తు ఏమిటో ఎవరూ చెప్పలేని స్థితిలో పెట్టుబడికి అర్థం కనబడలేదు. మే నెలలో విజేతలైన ఆటగాళ్ళు అక్టోబరు వచ్చేసరికి నిరుద్యోగులు. పదివేల ఒకటి సీట్లు లేవని ఒకరిని ఆపిన సంస్థ చేతిలో, జీతం రాని నెలలో ఈ మనుషులు ఎలా బ్రతకాలన్న దానికి ఏ కనీస ప్రమాణమూ లేకపోయింది.

ఆ తరువాత సీట్ల సంఖ్యను మెట్లుమెట్లుగా అందుకోవచ్చునని నిబంధన కొంత సడలించారు. 2024లోనూ 2025లోనూ ఈలింగే గెలిచింది, రెండుసార్లూ వున్నచోటనే వుండిపోయింది. 2025-26 సీజనుకు ఈ శ్రేణికి కొత్త పేరు పెట్టి 14 క్లబ్బులకు విస్తరించారు. మూడేళ్ళ క్రితం అప్పులతో కూలిన వూస్టర్‌కు అందులో చోటు దొరికింది. ఆ జాబితాలో జెర్సీ లేదు.