సగం పార్టీకి ఓటేయొచ్చా?

2023 నవంబర్ నెలాఖరులో నేను టెక్సాస్‌లో, డాలస్ పక్కనున్న ఒక ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. దానికి నాలుగో నెల. రక్తపరీక్షలో ఏదో అనుమానం వచ్చిందనీ, ఉమ్మనీరు తీసి పరీక్ష చేయాలనీ డాక్టర్ చెప్పింది. ఫలితం రావడానికి రెండు వారాలు. ఆ రెండు వారాలూ ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఒక మధ్యాహ్నం విజయవాడలో ఉన్న మా చెల్లెలికి విషయమంతా ఫోన్‌లో మెసేజ్ రాస్తుంటే మా అమ్మాయి వచ్చి ఫోన్ తీసేసుకుంది. "అమ్మా, పిన్నితో మాట్లాడు, కానీ రాయకు. రాసింది ఉండిపోతుంది" అంది.

"మన మెసేజ్‌లు ఎవరు చూస్తారే?" అన్నాను నవ్వుతూ. అది నవ్వలేదు.

అప్పుడు చెప్పింది. 2021 సెప్టెంబర్ 1 నుంచి ఆ రాష్ట్రంలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. పిండంలో గుండె చప్పుడు వినిపించాక, అంటే దాదాపు ఆరు వారాలు దాటాక, గర్భస్రావం చేయకూడదు. అత్యాచారం వల్ల వచ్చిన గర్భానికి కూడా మినహాయింపు లేదు. అంతకన్నా విచిత్రం, దాన్ని అమలు చేసేది పోలీసులు కాదు. సాటి జనం! గర్భస్రావం చేసిన డాక్టర్ మీదా, అందుకు సాయపడిన వాళ్ళ మీదా ఎవరైనా దావా వేయొచ్చు. గెలిస్తే కనీసం 10,000 డాలర్లు వస్తాయి. దావా వేసేవాళ్ళకు ఆ స్త్రీ ఎవరో తెలియాల్సిన అవసరం కూడా లేదు. 2022 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు 'రో వర్సెస్ వేడ్' తీర్పును కొట్టేశాక, ఆగస్టు 25 నుంచి డాక్టర్లకు యావజ్జీవ శిక్ష దాకా పడగల ఇంకో చట్టం వచ్చింది. 1973 నాటి ఆ 'రో' తీర్పు డాలస్‌లో మొదలైన కేసులోనిదేనన్న సంగతి నాకు అక్కడికి వెళ్ళేదాకా తెలియదు.

ఇదంతా వింటుంటే నాకు కొత్తగా అనిపించలేదు, అదే భయం వేసింది. ఆ కళ్ళు నాకు తెలుసు. నెల తప్పిందా, ఎన్నో నెల, పుట్టింటికి ఎందుకొచ్చింది, ఆస్పత్రికి ఎవరితో వెళ్ళింది అని లెక్కలు కట్టే వీధి అరుగులు మనందరికీ తెలుసు. "నలుగురూ ఏమనుకుంటారు" అన్న మాటతోనే కదా మనల్ని పెంచారు! ఆ నలుగురికీ కోర్టు కాగితాలిచ్చి, పైన బహుమానం కూడా ప్రకటిస్తే ఎలా ఉంటుందో అదే టెక్సాస్ చట్టం.

ఆ ఆదివారం మా అల్లుడి పెదనాన్నగారి అబ్బాయి వచ్చాడు. మా అమ్మాయి ఆయన్ని బావగారూ అంటుంది. ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంటున్నాడు, అక్కడి పౌరుడు, మర్యాదస్తుడు. ఎవరికి పురుడొచ్చినా ఆవకాయ జాడీతో సహా వచ్చి నిలబడే మనిషి. ప్రతిసారీ రిపబ్లికన్ పార్టీకే ఓటేస్తాడు. ఎందుకు బాబూ అంటే "పన్నులు అత్తయ్యగారూ. వ్యాపారం చేసుకునేవాణ్ణి. ఈ గర్భాల గొడవంతా పార్టీలో కొందరి పిచ్చి. దాన్ని మనం పట్టించుకోకూడదు" అన్నాడు. మళ్ళీ తనే గొంతు తగ్గించి "అవసరమైతే నేను కారు తీసుకొస్తాను. న్యూ మెక్సికో ఒక్క రోజు ప్రయాణం. మీరేం భయపడకండి" అన్నాడు.

ఆ మాటకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాత్రి పడుకున్నాక మాత్రం ఆ మాటే నిద్ర పట్టనివ్వలేదు. న్యూ మెక్సికో వైపు వెళ్ళే ఒక దారి లబ్బక్ కౌంటీ మీదుగా పోతుంది. గర్భస్రావం కోసం ప్రయాణించే స్త్రీని తమ రోడ్ల మీద తీసుకెళ్ళేవాళ్ళ మీద దావా వేసే వీలు కల్పిస్తూ అంతకు నెల ముందే, 2023 అక్టోబర్‌లో, ఆ కౌంటీ తీర్మానం చేసింది. అంటే ఈ మంచి మనిషి తాను ఓటేసిన పార్టీ మనుషుల చేతికే తన మీద దావా వేసే హక్కు ఇచ్చి వచ్చాడన్నమాట. ఆయనకది తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

నాకు మా చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చింది. ఉమ్మడి కుటుంబం. మా పెదనాన్న పెద్దమ్మను కొట్టేవాడు. మా బాబాయి ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు. పెదనాన్న అరుపులు మొదలవగానే బాబాయి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. అన్నీ సద్దుమణిగాక వంటింటి గుమ్మం దగ్గర నిలబడి "వదినా, ఇదుగో" అని మందు సీసా అందించేవాడు. "అన్నయ్య స్వభావం అంతే, మనసులో పెట్టుకోకు" అనేవాడు. ఇంటిల్లిపాదీ బాబాయిని దేవుడనేవాళ్ళు, నేను కూడా. ఆ మందు పెద్దమ్మకు అవసరమే, కాదనను. కానీ ఆ ఇంట్లో పెదనాన్న చెయ్యి ఆపగలిగిన ఒకే ఒక్క మనిషి బాబాయే అన్న సంగతి పెద్దమ్మ పోయిన తర్వాత గానీ నాకు తట్టలేదు.

కొందరి పిచ్చి అనుకున్నది మొత్తం ఇంటి పద్ధతిగా ఎలా మారుతుంది? టెక్సాస్ రిపబ్లికన్ పార్టీ చరిత్ర చూస్తే కొంత అర్థమవుతుంది. గర్భస్రావాన్ని గట్టిగా వ్యతిరేకించడం లేదన్న కారణంతో 1996లో తమ సొంత సెనేటర్ కే బెయిలీ హచిసన్‌ను జాతీయ సమావేశానికి ప్రతినిధిగా వెళ్ళనివ్వకూడదని పార్టీలో ఒక వర్గం పట్టుబట్టింది. అప్పటికి అది ఒక వర్గమే. ఆమె నెగ్గుకొచ్చింది. 2012లో పార్టీ ప్రణాళిక బడిపిల్లలకు విమర్శనాత్మకంగా ఆలోచించడం నేర్పే చదువులను వ్యతిరేకించింది. అవి పిల్లల స్థిరమైన నమ్మకాలను ప్రశ్నిస్తాయనీ, తల్లిదండ్రుల అధికారాన్ని బలహీనపరుస్తాయనీ అందులో రాశారు. అందరూ నవ్వితే పొరపాటున పడిందన్నారు. 2022 జూన్‌లో హ్యూస్టన్ సమావేశంలో 2020 అధ్యక్ష ఎన్నిక ఫలితాన్నే ఒప్పుకోమని తీర్మానించారు. స్వలింగ ప్రేమను అసహజమైన జీవనవిధానంగా ప్రణాళికలోకి ఎక్కించారు. నల్లవాళ్ళ ఓటు హక్కుకు రక్షణగా వచ్చిన 1965 నాటి చట్టాన్ని రద్దు చేయాలన్నారు. ఈసారి పొరపాటున పడిందని ఎవరూ అనలేదు.

దీనికో కారణం ఆ రాష్ట్ర ఎన్నికల తీరులోనే ఉంది. 1994లో గెలిచాక 2024 దాకా డెమొక్రాట్లు అక్కడ రాష్ట్రస్థాయి పదవి ఒక్కటి కూడా గెలవలేదు. అసలు పోటీ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలోనే అయిపోతుంది. ఆ ప్రైమరీకి వచ్చి ఓటేసేవాళ్ళు తక్కువ. వాళ్ళలో పట్టుదల ఉన్నవాళ్ళు ఎక్కువ. ఇక నాయకుడికి ఎదుటి పార్టీ భయం లేదు, తనకన్నా గట్టిగా అరిచే సొంత పార్టీవాడి భయమే ఉంటుంది. 2022 మేలో యువాల్డే బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు తుపాకీకి బలయ్యారు. ఆ ఊరు తన నియోజకవర్గంలోనే ఉన్న టోనీ గొంజాలెస్ ఆ తర్వాత తుపాకుల మీద ఒక చిన్న కట్టడికీ, స్వలింగ వివాహాల రక్షణకూ ఓటేశాడు. 2023 మార్చిలో పార్టీ ఆయన్ని అభిశంసించింది. మా బావగారి లాంటి వాళ్ళు ప్రైమరీలకు వెళ్ళరు. "నవంబర్‌లో వేస్తే చాలదా" అంటారు. అప్పటికి వండటం అయిపోయి ఉంటుంది, వడ్డించింది తినడమే.

మేము ఫలితం కోసం చూస్తున్న ఆ రోజుల్లోనే, డిసెంబర్ మొదట్లో, రెండు సంగతులు జరిగాయి. హిట్లర్‌ను పొగిడే నిక్ ఫ్యూయెంటెస్ అనే ప్రచారకుడు, పార్టీ అభ్యర్థులకు డబ్బు పెట్టే ఒక కమిటీ నాయకుడి ఆఫీసులో గంటల తరబడి గడిపిన సంగతి అక్టోబర్‌లో పత్రికల్లో వచ్చింది. యూదుల్ని ద్వేషించే వాళ్ళతో, నాజీల్ని సమర్థించే వాళ్ళతో పార్టీ సంబంధం పెట్టుకోకూడదని ఒక వాక్యం తీర్మానంలో పెట్టబోతే, రాష్ట్ర కార్యవర్గం 32-29 ఓట్ల తేడాతో ఆ వాక్యాన్ని తీసేసింది. మాటలు మరీ అస్పష్టంగా ఉన్నాయట!

రెండోది కేట్ కాక్స్ కేసు. డాలస్ ప్రాంతంలోనే ఉండే ఇద్దరు పిల్లల తల్లి. ఇరవై వారాల గర్భం. బిడ్డకు ట్రైసోమీ 18, బతకడం దాదాపు అసాధ్యమని చెప్పారు. ఇలాగే కొనసాగితే మళ్ళీ బిడ్డను కనే శక్తి కూడా పోవచ్చన్నారు. కింది కోర్టు అనుమతిస్తే, రాష్ట్ర అటార్నీ జనరల్ కెన్ పాక్స్టన్ ఆస్పత్రులను హెచ్చరిస్తూ ఉత్తరాలు రాశాడు. డిసెంబర్ 11న రాష్ట్ర సుప్రీం కోర్టు ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అప్పటికే ఆమె రాష్ట్రం విడిచి వెళ్ళిపోయింది. ఆ వార్త వస్తున్నప్పుడు మా అమ్మాయి పొట్ట మీద చెయ్యి పెట్టుకుని టీవీ ముందు నిలబడే ఉంది. కూర్చోమని చెప్పే ధైర్యం నాకు రాలేదు.

గర్భస్రావం తప్పని నమ్మే వాళ్ళందరూ తీవ్రవాదులని నేననడం లేదు. ఆడపిండమని తెలిసి గర్భాలు తీయించిన దేశం మనది. దాన్ని ఆపడానికి 1994లో చట్టం తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ మాట మనకంత తేలికైనది కాదు. వైకల్యం ఉన్న బిడ్డకు బతికే హక్కు లేదా అని అడిగే వాళ్ళ ప్రశ్నలోనూ బరువుంది. ఎంత గట్టిగా నమ్మారన్నది కాదు నా కొలత. ఆ నమ్మకం లేనివాళ్ళను ఏం చేస్తున్నారన్నది కొలత. నీ నమ్మకంతో నన్ను ఒప్పించబోతే అది వాదన. నా పక్కింటివాడిని నా మీద కాపలా పెడితే, ఓడిపోయిన ఎన్నికను ఓటమి కాదంటే, నీ పక్కనే కూర్చుని కాస్త తేడాగా మాట్లాడిన వాణ్ణి బయటికి నెడితే, అది వేరే జాతి. ఆ పార్టీ ఈ మూడూ చేసింది.

మనకు మింగుడుపడని సంగతి ఇంకోటి ఉంది. ఆ కార్యవర్గంలో 31 సెనేట్ జిల్లాల నుంచి జిల్లాకు ఒక పురుషుడు, ఒక స్త్రీ ఉంటారు. సగానికి సగం! చట్టసభల్లో మనకు మూడో వంతు ఇస్తామని రాజ్యాంగాన్ని సవరించిన 2023లోనే నేనిది తెలుసుకున్నాను. కుర్చీలు మన హక్కు, అందుకోసం కొట్లాడాల్సిందే. కానీ ఆ కుర్చీలో కూర్చుని ఇంకో స్త్రీ ఉమ్మనీటి పరీక్ష మీద కాపలా కాసే స్త్రీలూ ఉంటారు. పితృస్వామ్యానికి అత్తగార్లు ఎప్పుడూ కరువు కాలేదు.

బావగారిని ఇంతగా అనే అర్హత నాకుందా? మా ఊళ్ళో ఒకాయన వేదికెక్కి ఆడవాళ్ళ గురించి ఏం వాగాడో నా చెవులారా విన్నాను. రోడ్డు వేయించాడు కదా అని ఆయనకే ఓటేశాను. ఉత్తరప్రదేశ్‌లో చట్టవిరుద్ధ మతమార్పిడుల మీద ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చని 2024లో చట్టాన్ని సవరించినప్పుడు, అది మన రాష్ట్రం కాదు కదా అని పేపర్ మడిచి పెట్టేశాను. రోడ్డు నాది, తిట్టు ఇంకో ఆడదానిది. పన్ను తగ్గింపు బావగారిది, భయం మా అమ్మాయిది. సగం పార్టీకి ఓటేశామని మనం అనుకుంటాం గానీ, అక్కడ లెక్కలో పడేది నిండు ఓటే. మనం వద్దనుకున్న ఆ రెండో సగం ఎవరి ఒంటి మీదికి వెళ్ళి పడుతుందో చూడకుండా ఉండగలగడమే మన సౌకర్యం.

డిసెంబర్ రెండో వారం ఫలితం వచ్చింది. బిడ్డకు ఏ లోపమూ లేదు. సంక్రాంతికి ఇంటికొచ్చి, పురుడికి మళ్ళీ ఏప్రిల్‌లో వెళ్ళాను. మేలో మనవరాలు పుట్టింది. ఆ నెలలోనే శాన్ ఆంటోనియోలో పార్టీ సమావేశం జరిగింది. ఫలదీకరణ క్షణం నుంచే పిండానికి మనిషితో సమానమైన చట్టరక్షణ ఉండాలనీ, రాష్ట్రస్థాయి పదవి గెలవాలంటే 254 కౌంటీల్లో ఎక్కువ వాటిల్లో గెలిచి తీరాలనీ ప్రణాళికలో రాసుకున్నారు. అంటే పెద్ద నగరాల్లో ఎన్ని లక్షల ఓట్లొచ్చినా చాలదన్నమాట. 2025లో ఆ రాష్ట్రం డాక్టర్ల భయం తగ్గించడానికి తల్లి ప్రాణాపాయం గురించిన మినహాయింపును కాస్త వివరంగా రాసింది. అదే ఏడాది గర్భస్రావం మాత్రలు తయారుచేసే, పంపే వాళ్ళ మీద దావా వేసే హక్కును కూడా జనానికిచ్చింది. ఈసారి మొత్తం కనీసం 1,00,000 డాలర్లు.

బావగారు మనవరాలిని చూడటానికి వెండి గిన్నె తీసుకుని వచ్చాడు. పాపను ఎత్తుకున్నాడు. నేను ఉండబట్టలేక అడిగేశాను. "బాబూ, ఆ రోజు కారు తెస్తానన్నావు. నీ మేలు మర్చిపోను. ఆ మాటే మీ పార్టీ వాళ్ళ ముందు అనగలవా?"

చాలాసేపు పాప గుప్పిలి విప్పుతూ, మూస్తూ కూర్చున్నాడు. "అక్కడ మనలాంటి వాళ్ళని ఎవరు మాట్లాడనిస్తారు అత్తయ్యగారూ" అన్నాడు.

మా బాబాయి కూడా అదే అనేవాడు, అన్నయ్య ముందు నేనెంత అని. ఆ మాట పైకి అనలేదు. కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. గిన్నె పొయ్యి మీద పెట్టాక గుర్తొచ్చింది, నేనూ పెరట్లోకే వచ్చి నిలబడ్డానని. స్టవ్ ఆపి మళ్ళీ హాల్లోకి వెళ్ళాను. "ప్రైమరీ అంటే ఏమిటో, ఎప్పుడొస్తుందో నాకు చెప్పు బాబూ. కూర్చుని చెప్పు" అన్నాను.