వట్టి యిల్లు, మూసిన తలుపు



ఇంటిలో సామాను లేనప్పుడు గుమ్మమునకు వచ్చినవారిని లోపలికి పిలువవచ్చునా? ఇది మిక్కిలి చిన్న ప్రశ్న. ఊరిలో నున్నంతకాలము ఇది మాకు ప్రశ్నగా తోచనే లేదు. పరదేశములో నాలుగు వట్టి గోడల మధ్య నిలిచిన దినమున ఇదే మా మనస్సాక్షికి ముల్లయ్యెను. ఆ సంగతిని దాచక మీతో పంచుకొనుచున్నాము.

మేము భార్యాభర్తలము. మాకు ఐదేండ్ల కుమారుడు గలడు. మాలో ఒకరు నర్సు. జర్మను భాషా పరీక్షలు ముగిసి ఆసుపత్రిలో పని దొరకగా, 2022వ సంవత్సరము నవంబరు నెల మొదటి శనివారమున జర్మనీలోని లైప్జిగ్ పట్టణమున ఒక అద్దె ఇల్లు చేరితిమి. మా పెట్టెలలో బట్టలు, దుప్పట్లు, ఒక కుక్కరు, నాలుగు గిన్నెలు, ఆవకాయ సీసా, బైబిలు, కీర్తనల పుస్తకము ఉండెను. చేతిలోని డబ్బు చాలవరకు బయానాకు పోయెను. ఆ దేశపు చట్టము ప్రకారము ఇంటి యజమాని మూడు నెలల అద్దెకు మించి బయానా పుచ్చుకొనరాదు; దానిని మూడు వాయిదాలలో కట్టుటకు కూడ హక్కు గలదు. మేము తెలియక ఒక్కసారే కట్టివేసితిమి.

సామాను లేని ఇల్లనగా మంచము, బీరువా ఉండవని మాత్రమే అనుకొంటిమి. ఆ దేశములో చాల అద్దె ఇండ్లకు వంటగదిలో పొయ్యి గాని, గట్టు గాని, గిన్నెలు కడుగు తొట్టి గాని ఉండదు. వెనుకటి వారు తమ సామానుతో వాటిని కూడ ఊడదీసికొని పోవుదురు. గోడలో నీటి గొట్టము మాత్రము మిగులును. పైకప్పునుండి దీపముండవలసిన చోట రెండు మూడు తీగెలు వ్రేలాడుచుండును. మన పల్లెటూరి ఇల్లు ఎంత బీదదైనను గోడలో గూడు ఉండును, పైన అటక, మూలను దండెము, వాకిట అరుగు ఉండును. కట్టినవాడే సగము సామాను అమర్చిపెట్టును. అక్కడ గోడలకు ఒక మేకైనను లేదు.

నవంబరులో ఆ దేశమున సాయంకాలము ఐదు గంటలకే చీకటి పడును. దీపము లేదు. రేపు కొనవచ్చునులే అనుకొంటిమి. ఆ దేశములో ఆదివారమున దుకాణములు సాధారణముగా మూయబడునని అప్పటికి మాకు తెలియదు. ఆదివారపు విశ్రాంతిని అక్కడి రాజ్యాంగమే కాపాడుచున్నది. ఊరిలో పనివారికి విశ్రాంతి దినము దొరకవలెనని ఎన్నిమార్లో ప్రార్థించిన మేము, ఆ రాత్రి మాత్రము ఆ చట్టమును విసుగుకొంటిమని ఒప్పుకొనవలెను.

ఇంటి బయట మెట్లమీద ఒక దీపము గలదు. మీట నొక్కిన కొన్ని నిమిషములు వెలిగి తానే ఆరిపోవును. మేము తలుపు ఓరగా తెరచి, ఆ వెలుతురులో పిల్లవానికి అన్నము పెట్టితిమి. దీపము ఆరిన ప్రతిసారి ఒకరము లేచి మీట నొక్కుచుంటిమి. పై అంతస్తులోని వృద్ధురాలు మెట్లెక్కుచు మమ్మును చూచెను. తల వంచి వందనము చేసి వెళ్లెను.

మరునాడు మధ్యాహ్నము ఆమె మా తలుపు తట్టెను. చేతిలో ఒక రొట్టె, చిన్న పొట్లములో ఉప్పు. క్రొత్తగా ఇల్లు చేరినవారికి రొట్టెయు ఉప్పును ఇచ్చుట అక్కడి పాత ఆచారము. ఆ ఇంట ఆహారమునకు లోటు రాకుండవలెనని దాని భావము. ఆమె మా భుజముల మీదుగా లోపలికి చూచెనని మాకు తోచెను. మేము గుమ్మమునకు అడ్డముగా నిలిచి, రొట్టె పుచ్చుకొని, కృతజ్ఞతలు చెప్పి, తలుపు వేసితిమి. లోపల కూర్చుండబెట్టుటకు ఒక పీటయైనను లేదు గదా! ఆమె మెల్లగా మెట్లెక్కిపోవు చప్పుడు ఆ వట్టి గదిలో మ్రోగెను.

సోమవారమున దీపము, విద్యుత్తు పలక పొయ్యి కొంటిమి. స్నానపు తొట్టిలో గిన్నెలు కడిగితిమి. పెట్టెను పడవేసి బల్లగా వాడితిమి. నేల చల్లదనమునకు పిల్లవానికి దగ్గు పట్టగా, మరి ఆలోచింపక వానికొక పరుపు కొంటిమి. ఇవన్నియు కష్టములే గాని, భరింపరానివి కావు. ఒక్కొక్క వస్తువు చేరినప్పుడు పిల్లవాడు చప్పట్లు కొట్టెను.

మేము భరింపలేనిది వేరొకటి యుండెను. తోటి ఉద్యోగులు ఇంటికి వత్తుమనిన, ఏదో సాకు చెప్పితిమి. ఊరినుండి అమ్మ వీడియోలో పలుకరించినప్పుడు, దీపము క్రింద ఒక్క గోడనే చూపి, "అంతా బాగుందమ్మా" అనుచుంటిమి. వాయిదాల మీద ఒక పెద్ద సోఫా కొనవలెనని కూడ లెక్కలు వేసితిమి. అది కూర్చుండుటకు కాదు, ఊరివారికి ఫోటో పంపుటకు. లేమి మమ్మును అబద్ధికులుగా చేసెనని చెప్పుట సులభము. కాని లేమి అట్లు చేయలేదు, మా సిగ్గే చేసెను.

ఐదు వారములైన తరువాత అమ్మ అడిగెను: "అమ్మాయ్, ఎప్పుడు చూసినా అదే గోడ చూపిస్తావేం? మంచం కొన్నారా లేదా?" మేము పలుకలేదు. ఆమె నవ్వి, "మీ నాన్న, నేను కాపురం పెట్టినప్పుడు ఒక చాప, మూడు గిన్నెలు. ఆ చాప మీదే పాదిరిగారిని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాం. ఆయన ప్రార్థన చేసి వెళ్లారు. చాప చూడటానికి వచ్చారా ఆయన?" అనెను.

ఆ రాత్రి రాజుల రెండవ గ్రంథము 4వ అధ్యాయము చదివితిమి. షూనేములోని ఘనురాలు దైవజనుడైన ఎలీషా కొరకు మేడమీద చిన్న గది కట్టించుటకు తన భర్తతో ఆలోచన చెప్పినది. అందులో ఏమి ఉంచవలెనో ఆమెయే లెక్కించెను: మంచము, బల్ల, పీట, దీపస్తంభము. కలిగిన ఇంటి ఇల్లాలయ్యు నాలుగింటితో ఆగెను. ప్రయాణము చేసి అలసినవాడు పండుకొనవలెను, తినవలెను, కూర్చుండవలెను, చీకటిలో చూడవలెను. ఎవరికొరకో తెలిసినప్పుడు ఏమి కావలెనో కూడ తెలియును. ఎవరు చూతురో అని లెక్కించినప్పుడు ఆ పట్టికకు అంతుండదు.

అపొస్తలుల కార్యముల గ్రంథపు చివరి మాటలను కూడ తలంచుకొంటిమి. పౌలు రోమాలో రెండు సంవత్సరములు అద్దె ఇంట కాపురముండెను. అతడు కావలిలో ఉన్న బందీ. ఆ ఇంట ఏ సామాను ఉండెనో లూకా ఒక్క మాటయైనను వ్రాయలేదు. తనయొద్దకు వచ్చిన వారినందరిని పౌలు చేర్చుకొనెనని మాత్రము వ్రాసెను.

ఆ వారమే మేము వాడిన సామాను అమ్ము దుకాణమునకు వెళ్లితిమి. అక్కడి ప్రొటెస్టెంటు సంఘముల సేవాసంస్థయైన దియాకొనీ అనేక పట్టణములలో ఇట్టి దుకాణములు నడుపుచున్నది. మాకింకను మంచము లేదు. అయినను చేతులు గల ఒక గట్టి కుర్చీ కొంటిమి. పై అంతస్తు ముసలమ్మకు మోకాళ్ల నొప్పి. ఆమె నేలమీద కూర్చుండలేదు. ఆదివారమున ఆమెను పిలిచితిమి. ఆమె కుర్చీలోను, మేము ఆమె ఎదుట దుప్పటి మీదను కూర్చుండి పులిహోర తింటిమి.

గది నలువైపుల చూచి ఆమె నవ్వెను. తన కథ నెమ్మదిగా చెప్పెను. 1945లో యుద్ధము ముగియు కాలమున, ఆరేండ్ల పిల్లగా, తల్లితో కూడ ఒక తోపుడు బండి వెంట నడచి సైలీషియా ప్రాంతము విడిచి వచ్చెనట. ఆ దినములలో తూర్పు ప్రాంతములనుండి పారిపోయిన, వెళ్లగొట్టబడిన జర్మనులు కోటిమందికి పైగా గలరు. పరుల ఇంట ఒక గదిలో గడ్డిమీద పండుకొనిరట. "ఆ ఇంటివారు మాతో మాట్లాడలేదు. గడ్డి కంటె అదే నాకు జ్ఞాపకము" అనెను. మెట్లమీద మమ్మును చూచిన రాత్రి ఆమెకు అదే గుర్తుకు వచ్చెనట. మేము సిగ్గుతో తలుపు వేసినది అట్టి మనిషి ముఖము మీద!

ప్రియులారా, లేమియే భక్తి అని మేము చెప్పుట లేదు. దగ్గుచున్న బిడ్డకు పరుపు కొనుట లోకాశ కాదు. నడుము నొప్పితో పనికి పోవు తల్లికి మంచము డంబము కాదు. తరువాత మేమును మంచము కొంటిమి, బల్ల కొంటిమి, వంటగది అమర్చుకొంటిమి. సోఫా మాత్రము అప్పుచేసి కొనలేదు. దేనిని కొనబోయినను ఒక ప్రశ్న వేసికొనుట నేర్చుకొంటిమి: ఇది ఎవరికి ఉపయోగము? మా పేరు ఒక్కటే జవాబుగా వచ్చిన, మరి కొన్నాళ్లు ఆగుదుము. చూచువారి మెప్పు జవాబుగా వచ్చిన, దానిని విడిచిపెట్టుదుము.

ఈ పత్రిక చదువు మీలో అనేకుల పిల్లలు హైదరాబాదుననో, దుబాయిననో, అమెరికాలోనో ఉన్నారు. వారు ఫోనులో ఒక్క గోడనే చూపుచుండవచ్చును. "ఏమి కొన్నారు?" అని అడిగిన వారు సిగ్గుపడి మరియొక అబద్ధము చెప్పుదురు. "మీ ఇంటికి ఎవరైన వచ్చారా? వచ్చినవారికి ఏమి పెట్టారు?" అని అడుగుడి. మీరు చాపమీద కాపురము మొదలుపెట్టిన సంగతి వారికి చెప్పుడి. అది వారికి తెలియకపోవచ్చును.

ఆ కుర్చీ నేటికిని మా ఇంట గుమ్మము ప్రక్కనే యున్నది. ఒక కాలు కొంచెము ఊగుచున్నది. ఆదివారము మధ్యాహ్నము ఆమె మెట్లు దిగి వచ్చు చప్పుడు వినబడగానే మా పిల్లవాడు పరుగెత్తి, మేము చెప్పకముందే, తలుపు తీయును.