పాత పేరుతో సహా

పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టేవాళ్లు. ఇంకెవరో ఎత్తుకొచ్చి ఇస్తే తల్లి చేటలో తవుడు పోసి కొనుక్కున్నట్టు చేసేది. ఆ బిడ్డ పేరు పెంటయ్య, ఆడపిల్లయితే పెంటమ్మ. ఎంగిలి విస్తళ్లలో పొర్లిస్తే పుల్లయ్య, పుల్లమ్మ. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని చావు పక్కకు తప్పుకోవాలని ఆ ఉపాయం. తెలుగు నేలంతటా ఉన్న పేర్లే ఇవి. సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్లలో కొమురవెల్లి మల్లన్న మీద భక్తితో పెట్టుకున్న మల్లయ్యలు, మల్లేశాలు, కొమురయ్యలు గడపగడపకూ దొరుకుతారు. బడిలో హాజరు పిలిచినప్పుడు వాళ్ల పేర్లకు ఎవరూ నవ్వరు. నవ్వు వినపడేది పెంటయ్య దగ్గర.

ఆ పేరు మార్చుకుంటానంటే ఇంట్లో పెద్దవాళ్లు నొచ్చుకోవడం సహజం. మొక్కి, భయపడి, ఏడ్చి పెట్టుకున్న పేరు కదా. నాకు మాత్రం మార్చుకోవడంలో కృతఘ్నత కనపడదు. బిడ్డ బతకాలని పెట్టారు. బతికాడు, పెరిగాడు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునేంతవాడయ్యాడు. ఆ పేరుకు అప్పజెప్పిన పని అయిపోయింది.

పద్ధతి పెద్ద కష్టమైనదేమీ కాదు, తిరుగుడే ఎక్కువ. నోటరీ దగ్గర అఫిడవిట్, తెలుగు పేపర్లో ఒకటి ఇంగ్లిష్ పేపర్లో ఒకటి ప్రకటన, ఆ కాగితాలన్నీ జతచేసి హైదరాబాద్ చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయానికి దరఖాస్తు. గెజిట్లో అచ్చయ్యాక ఆధార్, పాన్, బ్యాంకు, పాస్‌పోర్టు. ఆధార్లో పేరు మార్చుకోవడానికి మామూలుగా జీవితంలో రెండుసార్లే వీలు. కాబట్టి న్యూమరాలజీ చెప్పిన ప్రతిసారీ ఇంగ్లిష్‌లో ఒక అక్షరం కలుపుకుంటూ పోయేవాళ్లు కొంచెం ఆగాలి. తెలుగులో రాస్తే వాళ్ల పేరు ఎప్పటిలాగే ఉంటుందనుకోండి.

ఈ తతంగంలో నన్ను ఆలోచింపజేసేది ఒకటుంది. వదిలించుకోవాలనుకున్న పేరునే ప్రతి కాగితం మీదా ముందు రాయాలి. ఇన్నాళ్లూ ఫలానా పేరుతో ఉన్న నేను ఇకమీదట ఫలానాగా పిలవబడతాను, ఈ రెండు పేర్లూ ఒక్కరివే అని ప్రమాణం చేయాలి. మారినవాడు మొదటివాణ్ణి వెంటబెట్టుకుని రావాల్సిందే. కేంద్ర ప్రభుత్వం వెలువరించే భారత గెజిట్ నాలుగో భాగంలో పేరు మార్పు ప్రకటనల దగ్గర ఇంకో మాట కూడా ఉంటుంది: వీటిని అచ్చువేసినందుకు చట్టపరమైన బాధ్యత తమది కాదని, వచ్చే పర్యవసానాలకు ప్రకటన ఇచ్చినవారే బాధ్యులని. పేరు ఏదైనా పెట్టుకో, చేసినవాటికి జవాబు మాత్రం నువ్వే చెప్పాలి అని సర్కారు చెబుతున్నట్టు నాకు వినపడుతుంది. ఇందులో తప్పు పట్టేదేమీ లేదు. పేరు మారగానే అప్పులూ ఇచ్చిన మాటలూ మాసిపోతాయనుకుంటే ఊరు నడవదు.

కాగితాల మీద ఊరి చిరునామా కూడా మారుతుంది, సిద్దిపేటనే చూడండి. 2014 జూన్ 2న రాష్ట్రం పేరు మారింది. 2016 అక్టోబర్ 11న మెదక్ జిల్లా నుంచి విడిపోయి సిద్దిపేటే జిల్లా అయింది. 2024 మార్చిలో కొత్త బండ్ల నంబర్లలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. నలభై ఏళ్లవాడి పదో తరగతి మెమో మీద పాత రాష్ట్రం, పాత జిల్లా అట్లాగే ఉంటాయి. అయినా నువ్వు వేరే ఊరివాడివా అని ఎవరూ అడగరు. ఊరికి అంత సులువుగా ఒప్పుకున్నవాళ్లం, మనిషి దగ్గరికొచ్చేసరికి ఎందుకు మార్చుకున్నావని గుచ్చిగుచ్చి అడుగుతాం.

ఎందుకో అడగాల్సిన అవసరమే లేని మార్పులు కొన్ని ఉన్నాయి. 1888లో హైదరాబాద్‌లో మాదరి భాగయ్యగా పుట్టిన మనిషి భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. పై కులాలవాళ్లు తమ సొంతమనుకున్న రెండు మాటలు దళితుడి పేరులో చేరాయి. ఆయన అక్కడితో ఆగలేదు. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాజన సభకు అధ్యక్షుడై, పంచములన్న పేరు మాకొద్దు, మేము ఈ నేలకు ఆదివాసులం అన్నాడు. సభ పేరు ఆది ఆంధ్ర సభగా మారింది. తన పేరుతో పాటు తనవాళ్లందరి పేరూ మార్చబూనడం చిన్న సంగతి కాదు. గెజిట్ అచ్చువేస్తుంది కానీ, ఎదుటివాడి నోటితో ఆ పేరు పలికించలేదు. అందుకు భాగ్యరెడ్డి వర్మ బతుకంతా బళ్లు పెట్టాడు, సభలు జరిపాడు, వాదించాడు.

రాజకీయ నాయకుడు ముద్రగడ పద్మనాభం సంగతి వేరు. 2024 ఎన్నికల్లో పిఠాపురంలో పవన్ కల్యాణ్‌ను ఓడించకపోతే పేరు మార్చుకుంటానన్నారు. పవన్ కల్యాణ్ గెలిచారు. జూన్‌లో ఈయన గెజిట్ ద్వారా పద్మనాభరెడ్డి అయ్యారు. రాజకీయాల్లో అన్నమాట మీద నిలబడటం అరుదు, దానికి మెచ్చుకోవాలి. కానీ పేరును పందెంలో ఒడ్డడం నాకు నచ్చదు. అయినా జనం ఆయన్ని ఎప్పుడూ ముద్రగడ అనే అంటారు, కాబట్టి మారిన భాగంతో ఎవరికీ పెద్దగా పని పడలేదు.

ఇంకో కేసు పందెం కాదు, పసివాడిది. భర్త పోయినప్పుడు బిడ్డకు మూడు నెలలైనా నిండలేదు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది, బిడ్డకు కొత్త ఇంటిపేరు వచ్చింది. తాతానాయనమ్మలు కోర్టుకెక్కారు. కన్న తండ్రి ఇంటిపేరే ఉండాలని, రెండో భర్తను కాగితాల్లో మారుతండ్రి అని రాయాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంది. 2022 జూలై 28న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేనని, మారుతండ్రి అని రాయించడం దాదాపు క్రూరత్వమని చెప్పింది. కొడుకును పోగొట్టుకున్న ముసలివాళ్లకు మిగిలింది ఆ ఇంటిపేరొక్కటే కావచ్చు. వాళ్ల దుఃఖం నాకు అర్థమవుతుంది. ఆ దుఃఖాన్ని మోయాల్సిన పని మాత్రం బళ్లో కూర్చున్న పిల్లవాడిది కాదు.

పాత పేరును వెంటబెట్టుకుని రావడంలో తప్పు లేదని పైన అన్నాను. అందరికీ కాదు. ట్రాన్స్‌జెండర్ మనిషికి పాత పేరు వినడమే దెబ్బ. 2019 చట్టం ప్రకారం కలెక్టర్ ఇచ్చే గుర్తింపు పత్రంతో పుట్టుక ధ్రువపత్రం నుంచి మొదలుపెట్టి అన్నిట్లో పేరు మార్చుకోవచ్చు. 

మళ్లీ పెంటయ్య దగ్గరికొస్తే, వయసు మళ్లినవాళ్లు కొందరు మార్చుకోవాలనుకుని కూడా ఆగిపోవడానికి కారణం సిగ్గు కాదు, మొండితనమూ కాదు. ఆ పేరు ఉన్నది వాళ్ల కాగితాల్లో మాత్రమే కాదు. కొడుకు మెమోలో, బిడ్డ పాస్‌పోర్టులో, భూమి పట్టాలో తండ్రి పేరు గడిలో కూర్చుంది. తాను మారితే అవన్నీ కదలాలి. పేరు మార్చుకోదలచుకున్న కుర్రవాళ్లు పెళ్లికీ, పిల్లల బడి అడ్మిషన్‌కీ ముందే మార్చుకుంటే మేలు, దిద్దాల్సిన కాగితాలు తక్కువుంటాయి.