కరువునాడు దూరదేశమునకు కానుక ఏల?

ధ్యానమునకు: అపొ. కార్యములు 11:19–30; 13:1–3; 2 కొరింథీయులకు 8:1–15



వానలు తప్పిన యేట సంఘ పెద్దలు కూడినప్పుడు ఒక ప్రశ్న తప్పక వచ్చును. మన మందిరపు కప్పు కారుచున్నది. మన విధవరాండ్ర యిండ్లలో గింజలు లేవు. పిల్లలను ముసలివారికి అప్పగించి తలిదండ్రులు వలసపోయిరి. ఇట్టి దినములలో ఎక్కడనో ఉన్నవారికొరకు కానుక పట్టుట న్యాయమా?

ఈ ప్రశ్నను అవిశ్వాసమని త్రోసివేయరాదు. తన యింటివారిని సంరక్షింపనివాడు విశ్వాసమును విడిచినవాడని పౌలు తిమోతికి వ్రాసెను (1 తిమోతి 5:8). దేవార్పితమను పేరు పెట్టి తలిదండ్రులను విడిచినవారిని ప్రభువే గద్దించెను (మార్కు 7:11–13). దూరముననున్నవారిని ప్రేమించుట ఒక్కొక్కప్పుడు సులభము. వారు మన గడపకు వచ్చి అప్పు అడుగరు.

అయినను మన జిల్లాల చరిత్ర మరియొక సంగతి చెప్పుచున్నది. 1890లో నల్లగొండలో సేవ ప్రారంభించిన అబ్రాహాము ఫ్రీసెన్ దొరగారు అమెరికన్ బాప్టిస్టు మిషను క్రింద పనిచేసిరి. కాని ఆయన వెనుక నిలిచి కానుకలు పంపినవారు దక్షిణ రష్యాలోని మెన్నొనైట్ బ్రదరన్ సంఘములవారు, వ్యవసాయము చేసికొను పల్లెవాసులు. ఆ ప్రాంతము నేటి యుక్రెయిన్ దేశములోనిది. 1914లో మహాయుద్ధము వచ్చెను, 1917లో విప్లవము, 1921–22లో ఘోరమైన కరువు. కానుకలు పంపిన చేతులే రొట్టెకొరకు చాపవలసివచ్చెను. వారిని ఆదుకొనుటకై అమెరికాలోని మెన్నొనైటులు 1920లో మెన్నొనైట్ సెంట్రల్ కమిటీని ఏర్పరచిరి. “మన దేశము కుదుటపడనిమ్ము, పిమ్మట నల్లగొండ సంగతి చూతము” అని ఆ రైతులు అనుకొనియుండినయెడల, ఆ దినము వచ్చియుండెడిదా? 2022లో ఆ దేశముపై మరల యుద్ధము విరుచుకుపడెను. వారికొరకు ప్రార్థించుట మనకు ఋణమే.

తెలుగు సంఘము పుచ్చుకొనుటయే నేర్చుకొనలేదు. 1860 మొదలు మనవారనేకులు కూలికై ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాలు చెరకు తోటలకు పోయిరి. 1903లో తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ రెవ. జాన్ రంగయ్యగారిని వారి యొద్దకు పంపెను. అదే సంవత్సరము తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించి, పిమ్మట నిజాము రాజ్యములోని దోర్నకల్‌లో సేవ ఆరంభించిరి. పంపినవారెవరును ధనవంతులు కారు. నేడు మన పాలమూరు కూలీలు బొంబాయి, పూనా పట్టణములలో మట్టి మోయుచున్నారు. అక్కడ వారి యొద్దకు ఎవరైన వాక్యము తీసికొనిపోయిన, అది దూరపు సేవయా, ఇంటి సేవయా?

అంతియొకయ సంఘమును చూడుడి. ఆ క్రొత్త విశ్వాసులు ఒక సంవత్సరము వాక్యము నేర్చుకొనిరి; ఇది ఇంటి పని. లోకమంతట కరువు రాబోవుచున్నదని అగబు చెప్పగా, తమకును ఆ కరువు తప్పదని యెరిగియు, ప్రతివాడును తన శక్తికొలది యూదయకు పంపెను. పిమ్మట తమ బోధకులలో శ్రేష్ఠులైన బర్నబాను సౌలును అన్యజనుల యొద్దకు సాగనంపెను.

అయితే కొలత ఏమి? ఇతరులకు తేలికయు మీకు భారమును కావలెనని తన ఉద్దేశము కాదనియు, సమానత్వమే కోరుచున్నాననియు పౌలు కొరింథీయులకు వ్రాసెను. కావున అక్కరను అక్కరతోనే తూచవలెను. మన యూరి విధవరాలి ఆకలి మొదట తీరవలెను. అందులో సందేహము లేదు. కాని మందిరపు రంగులు, లౌడుస్పీకరు, పండుగనాటి పందిరి, ఇవి ఆకలి కావు. మన వసతిని త్రాసులో ఒక ప్రక్కనుంచి, పరదేశియొక్క ఆకలిని రెండవ ప్రక్కనుంచి, “ఇంటి పని ముందు” అనుట తప్పుడు తూకము. తరచుగా పరదేశి కానుకను ఆపునది విధవరాలి పేరు. ఆ ఆగిన కానుక ఆమె యింటికైనను చేరదు.

కరువునాడు కానుక చిన్నది కావచ్చును, సిగ్గుపడనక్కరలేదు. గంపెడు ఇచ్చిన సంఘము పిడికెడు ఇయ్యవచ్చును. ఆ పిడికిలి బొత్తిగా మూసికొనిన యెడల, మంచి పంట పండిన యేటను అది తెరచుట కష్టమగును. పెద్దలారా, ఈ సారి కమిటీలో లెక్క చూచునప్పుడు మొదట విధవరాండ్ర పేర్లు చదువుడి. రెండవది, మన కంటికి కానరానివారి వంతు తీసి ప్రక్కనుంచుడి. కప్పు సంగతి తరువాత మాటలాడుడి.

మనము ఎరుగని పల్లెల ప్రార్థనలచేత మనలను వెదకిన ప్రభువు మన చేతులను తెరచును గాక. ఆమేన్.