మామకు ‘బ్రేక్ ఎ లెగ్’ అన్న బిడ్డకు

బిడ్డా, నీ ఇంగ్లీషు నోట్‌బుక్కు చూసిన. దాచిపెట్టిందేం కాదు, టీవీ పక్కన తెరిచే ఉన్నది. ఎర్ర పెన్నుతోని ఇంగ్లీషు మాట, నల్ల పెన్నుతోని అర్థం. ‘పీస్ ఆఫ్ కేక్: చాలా సులువు.’ ‘బైట్ ది బుల్లెట్: కష్టమైనా ఓర్చుకొనుట.’ ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్: అమావాస్యకో పున్నానికో.’ అక్షరాలు ముత్యాలే. ఫోన్ల ఎవరో పిలగాడు అర నిమిషంల ఐదు మాటలు గుక్క తిప్పుకోకుండ చెప్తున్నడు, నువ్వు మధ్యమధ్యల ఆపుకుంట రాసుకుంటున్నవు. హైదరాబాదుల ఇంటర్వ్యూ దగ్గరకొచ్చిందని నీ ఆరాటం. ఆరాటపడాలె. గని యంత్రాల కంపెనీ, మంచి కొలువు. మన కాసిపేట పిల్ల మైనింగ్ డిప్లొమా చేసి ఆ కుర్చీల కూసుంటదంటె నాకు ఎంత సంబురమో నీకు చెప్పలేదు గని, మీ నాయినమ్మకు రోజుకు నాలుగుసార్లు చెప్తున్న. అయినా ఆ నోట్‌బుక్కు గురించి నాలుగు మాటలున్నయి. ఇను.

మొన్న మీ మేనమామ నైట్ షిఫ్టుకు బయలుదేరుతుంటె నువ్వు నవ్వుకుంట ‘బ్రేక్ ఎ లెగ్ మామా’ అన్నవు. ఆయన సపోర్ట్‌మన్. రూఫు కూలకుండ బోల్టులు కొట్టేది, దుంగలు నిలబెట్టేది ఆయన పని. లెగ్ అంటె ఏందో, బ్రేక్ అంటె ఏందో తెలువని మనిషి మన కాలనీల లేడు. బూటు లేసు కట్టుకుంటున్నోడు కట్టుకుంటున్నట్టే ఆగిండు. మీ అత్త వంటింట్లకెంచి తొంగిచూసింది. నువ్వేమో ‘అది ఆల్ ది బెస్ట్ లాంటిది అత్తా’ అని చెప్పబోతివి. ఆమె మొకం చూసినవా?

నీ నోట్‌బుక్కుల అర్థం తప్పేం లేదు. నాటకాలోళ్ల మాట అది. స్టేజి ఎక్కేటోనికి మంచి జరగాలె అని పైకి అంటె ఆ మంచి ఎదురు తిరుగుతదని వాళ్ల నమ్మకం. అందుకే చెడ్డమాట అని పంపుతరు. మనకు లేదా అసొంటిది? గడప దాటేటప్పుడు ఎవ్వరన్న ‘పోతున్న’ అంటరా? ‘పొయ్యొస్త’ అంటరు. నేను బాయి మీదికి పోయే రోజులల్ల మాట తొందరల జారి ‘పోతున్న’ అంటె, మీ నాయినమ్మ వెనక్కి పిలిచి, కూసోబెట్టి, మంచినీళ్లు తాగిపిచ్చి, ‘పొయ్యొస్త’ అనిపిచ్చినంకనే వదిలేది. మస్టర్, అంటె ఆ రోజు హాజరు, పోయినా సరే. మరి అసొంటి ఇంట్ల నిలబడి కాలు విరగ్గొట్టుకో అంటివి. అక్కడ నాటకాలోళ్లకు అది దీవెన. ఇక్కడ నైట్ షిఫ్టుకు పోయేటోని గడప మీద అపశకునం. అర్థం రాసుకున్నవు గని, ఎవరు ఎవరితోని ఎప్పుడంటరో రాసుకోలేదు. ఆ ఫోను పిలగాడు గూడ చెప్పలేదు, అర నిమిషంల యాడ చెప్తడు?

ఇంగ్లీషోళ్లకు గూడ మన మాటతోని ఇదే తిప్పలు వచ్చింది. కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ అని ఒకాయన తెలుగు సామెతలు పోగేసి 1868ల మద్రాసుల అచ్చేయించిండు. ఆ పుస్తకం పేరు ఆంధ్రలోకోక్తి చంద్రిక. సామెతకు ఇంగ్లీషు మాట పెట్టి ఊకోలేదాయన, విడమరిచి చెప్పుకుంట పోయిండు. చెప్పకపోతె వాళ్ల దొరలకు ఎట్ల ఎక్కుతది? ‘అందితె జుట్టు, అందకపోతె కాళ్లు’ అంటె దొర ఏమనుకోవాలె? నీ నోట్‌బుక్కుల గూడ ఆయన చేసినట్టు చెయ్యి. అర్థం పక్కన ఇంకో గీత కొట్టి, ఆ మాట నువ్వు ఎవరి నోట ఇన్నవో, వాళ్లు దేని గురించి అన్నరో రాయి. ఇనని మాటకు ఆ గడి ఖాళీగ ఉంటది. ఆ గడి నిండేదాక ఆ మాట నోట్లెకెల్లి తియ్యకు.

ఇంకొకటి. ఇంగ్లీషు మనకు పరాయిదన్నట్టు భయపడుతున్నవు. సింగరేణిల అది కంపెనీతోనే వచ్చి కూసున్నది. 1886ల హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది, ఇల్లెందుల బొగ్గు తీసుడు మొదలుపెట్టింది, 1920ల సింగరేణి కాలరీస్ అని పేరు పడ్డది. ఆ తర్వాత బాయిలు మన బెల్లంపల్లి దాక వచ్చినయి. మా నాయిన తట్టా చెమ్మస్ పట్టి టబ్బుల బొగ్గు నింపిన ఫిల్లర్. జీతం కాయితం మీద ఏలిముద్ర ఏసేటోడు. ఆయన రోజు మొత్తంల ఎన్ని ఇంగ్లీషు మాటలు అనేటోడో లెక్కబెట్టు: షిఫ్టు, మస్టర్, ల్యాంప్‌రూం, టబ్బు, హాలర్, డిప్పు, రైజు, పిల్లర్, గోఫ్. ఒక్కటి గూడ తప్పు తావుల వాడలేదు. డిప్పు అనాల్సిన కాడ రైజు అంటె మనిషి తప్పు దిక్కు పోతడు మరి. ఆయనకు స్పెల్లింగ్ రాదు. ఏ మాట యాడ పనికొస్తదో తెలుసు.

మస్టర్ మాటనే తీసుకో. ఒక మస్టర్ తక్కువైతె ఇంట్ల ఎంత లొల్లి అయితదో చిన్నప్పటి నుంచి చూసినవు. పాత గనుల చట్టం ప్రకారం జీతంతోని సెలవు రావాలంటె ఏడాదిల అండర్‌గ్రౌండ్‌ల 190 హాజర్లు, సర్ఫేస్ మీద 240 ఉండాల్సి ఉండె. ఇంగ్లీషుల ‘పాస్ మస్టర్’ అని ఒక నుడికారం ఉన్నది. సిపాయిలను వరుసల నిలబెట్టి, పేరు పిలిచి, తుపాకి బాగున్నదా బట్టలు బాగున్నయా అని చూసేటోళ్లు. అందుల నిలిస్తె పాస్ అయినట్టు. ఇప్పుడు ఏదన్న సరిపోను ఉన్నది, అక్కరకొస్తది అనేటందుకు వాడుతరు. ఈ మాట నువ్వు బట్టీ కొట్టాల్సిన పని లేదు, నీ ఇంట్ల పుట్టిందే.

కాని మన దగ్గర తిరిగి తిరిగి అర్థం మారిన మాటలున్నయి, అవి హైదరాబాదుకు తీసుకపోకు. ‘ప్లే డే’ అంటె మనకు ఆదివారం డ్యూటీ, డబుల్ జీతం. బాయి బంద్ పెట్టే రోజును అట్లన్నరు, ఆ రోజు పని చేసుడే మనకు ప్లే డే అయింది. ‘లాస్ట్ సండే ఐ హ్యాడ్ ఎ ప్లే డే’ అన్నవనుకో, ఎదురుంగ కూసున్నోళ్లు పిల్ల ఆటలాడుకున్నదనుకుంటరు. ‘అన్‌ఫిట్’ ఇంక ఘోరం. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితె కొడుకుకు నౌకరి దొరికే రోజులల్ల, ఆ సంబురానికి కాలనీల మిఠాయి పంచిన ఇండ్లు నేను చూసిన. ‘మై ఫాదర్ బికేమ్ అన్‌ఫిట్’ అని నవ్వుకుంట చెప్తె బయటోళ్లకు నువ్వేం పిల్లవు అనిపిస్తది. ‘గోల్డెన్ హ్యాండ్‌షేక్’ అని ఒకటి. పెద్ద ఆఫీసర్లను సాగనంపేటప్పుడు చేతుల పెట్టే పెద్ద మొత్తానికి ఇంగ్లీషుల ఆ పేరు. 1990లల్ల ప్రభుత్వ కంపెనీలల్ల వీఆర్ఎస్‌లు వచ్చినప్పుడు మామూలు కార్మికునికి ఇచ్చే చెక్కుకు గూడ అదే పేరు పెట్టిండ్రు. చేతులకు అంటిన బంగారం యాడ కనబడలేదు గని, మాట మాత్రం తళతళ మెరిసేది. పేరు అంత అందంగ ఉన్నప్పుడు ఎవరు పెట్టిండ్రో, ఎందుకు పెట్టిండ్రో అడుగుడు మంచిది. ఇది ఇంటర్వ్యూకు కాదు, బతుకంతా పనికొస్తది.

నీ నోట్‌బుక్కుల ‘కానరీ ఇన్ ఎ కోల్‌మైన్’ ఉన్నది. పక్కన ‘ప్రమాద సూచన’ అని రాసినవు. మైనింగ్ చదివిన పిల్లవు, ఇంత చిన్నగ రాస్తవా? జాన్ స్కాట్ హాల్డేన్ అని స్కాట్లాండ్ శాస్త్రవేత్త పేలుళ్లల్ల చచ్చిపోయిన కార్మికులను పరీక్షించి, చాలామంది దెబ్బలకు కాదు, కార్బన్ మోనాక్సైడుకు పోయిండ్రని తేల్చిండు. దానికి వాసన లేదు, రంగు లేదు. అందుకే కానరీ అనే పసుపుపచ్చ పిట్టను బాయిలకు తీసుకపోయేటోళ్లు. అది గాలి గబగబ పీల్చుకుంటది, మనిషికంటె ముందు సోలిపోతది. పిట్ట సోలితె మనుషులు వెనక్కి మర్లాలె. బ్రిటన్ బాయిలల్ల ఆ పిట్టలు 1986 దాక ఉన్నయి, తర్వాత మిషన్లు వచ్చినయి. పిట్టను బతికిచ్చేటందుకు పంజరానికే చిన్న ఆక్సిజన్ సిలిండర్ పెట్టిండ్రు. ఆ మాట ఫోన్ల పిలగాడు చెప్పడు. మన కాడ గోఫ్‌ల , అంటె బొగ్గు తీసినంక వదిలేసిన తావుల, మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కితె లేచేది ఆ కార్బన్ మోనాక్సైడే. నేను ఓవర్‌మన్‌గ చేసినన్ని రోజులు సేఫ్టీ ల్యాంపు పట్టుకొని తిరిగిన. అది మీథేన్‌కు. వత్తి తగ్గించి చూస్తె మంట మీద నీలం రంగు టోపీ లేస్తది. ఆ టోపీ ఎత్తును బట్టి ఎంత గ్యాసున్నదో చెప్పొచ్చు. ఎవరన్న ఇంటర్వ్యూల కానరీ మాట ఎత్తితె ఇది చెప్పు. ఒక్క సంగతి యాది పెట్టుకో. కానరీ అంటె ముందుగాల పడే పిట్ట. ప్రమాదం అయిపోయినంక ‘ఇట్ వాజ్ ఎ కానరీ’ అంటె కుదరదు.

బొగ్గు మీద వాళ్లకు ఇంకా మాటలున్నయి. ‘ఎట్ ది కోల్‌ఫేస్’ అంటె ఆఫీసుల కూసోకుండ అసలు పని జరిగే తావుల ఉండుడు. బ్రిటిషోళ్లు అంటరు, అమెరికోళ్లు పెద్దగ అనరు. మీ తాతలు ముగ్గురు ఫేస్ కాడ పనిచేసినోళ్లే, నీకు ఈ మాట మీద హక్కున్నది. ‘క్యారీయింగ్ కోల్స్ టు న్యూకాజిల్’ అంటె టైన్ నది ఒడ్డున బొగ్గే బతుకైన ఊరికి బొగ్గు మోసుకపోవుడు. బెల్లంపల్లికి బొగ్గు బస్తా పట్టుకపోయినట్టు. ఈ రెండు చాలు. చూపియ్యాలె అని మూడోది వెతకకు.

‘పీస్ ఆఫ్ కేక్’ మాత్రం ఆ గదిల అనకు. ఎవరన్న రూఫ్ సపోర్ట్ గురించి అడుగుతరు, నీకు జవాబు తెలుసు, సంబురంల నోరు జారొచ్చు. బాయిల పైకప్పును ఎట్ల చూస్తరో నీకు చెప్పిన. సబ్బలి తీసుకొని తట్టాలె, ఒక చెయ్యి రాయికి ఆనిచ్చి పెట్టాలె. ఖంగుమంటె గట్టిది. డొల్ల చప్పుడు చేస్తె పొర విడిపోయింది, దాని కింద నిలబడొద్దు. ఏండ్ల కొద్ది చేసినోళ్లు గూడ ప్రతి షిఫ్టుకు తట్టి చూస్తరు. ఆ పనిని కేకు ముక్క అన్న పిల్లను ఏ మైనింగ్ ఇంజనీరు నమ్ముతడు? అసొంటి ప్రశ్నలకు నుడికారమే వద్దు. ఏం చూస్తరు, ఎందుకు చూస్తరు, తేడా కనబడితె ఏం చేస్తరు. ఈ మూడు ఇంగ్లీషుల చిన్న చిన్న మాటలతోని చెప్పగలిగితె నీకు ఇంగ్లీషు వచ్చినట్టే.

మిగిలినవి అంత పెద్దవి కావు. ‘డూ ది నీడ్‌ఫుల్’ కంపెనీ సర్క్యులర్లల్ల చూసి నేర్చుకున్నం, ఇండియాల నడుస్తది, బయట దేశపోళ్లు నవ్వుకుంటరు. నవ్వితె నవ్వనియ్యి గని నువ్వు ‘ప్లీజ్ సెండ్ ఇట్’ అను. క్రికెట్ మాటలు, ‘ఆన్ ది బ్యాక్‌ఫుట్’ అసొంటివి, గ్రౌండ్ల ఆడి నేర్చుకున్నవు, అవి నీ నోట నిజంగనే వినబడుతయి. ‘ఈటింగ్ మై హెడ్’ మన తెలుగును గుంజి ఇంగ్లీషుల పడేసింది, దోస్తుల మధ్యల పెట్టుకో.

ఇగ వాళ్లు ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అంటరు. అందరు అదే అడుగుతరు. 2019ల కేంద్రం సడలింపు ఇచ్చినంకనే ఆడోళ్లకు అండర్‌గ్రౌండ్ టెక్నికల్, సూపర్‌వైజరీ పనులకు దారి తెరుచుకున్నది. మా నాయినకు, నాకు ఆ దారి పుట్టుకతోనే ఉన్నది, నీకు కొత్తగ వచ్చింది. అది చెప్పు. ఇంట్ల మీ ముత్తాత ఫిల్లర్ అని, తాత ఓవర్‌మన్ అని చెప్పు. దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ పొగ చూసుకుంట, ముత్యంపల్లి సంతల గోండి, తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడుకుంట పెరిగిన అని చెప్పు. అది చెప్పినప్పుడు నీ గొంతు వణకదు, నేను ఇన్న గద.

ఆఖర్న జీతం ఎంత కావాలె అంటరు. నీ నోట్‌బుక్కుల పన్నెండో పేజిల ‘ది బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్’ కింద రెండు గీతలు కొట్టి ఉన్నయి. అది అక్కడ అందామనుకుంటున్నవని నాకు అనుమానం. అనకు బిడ్డా. అంకె చెప్పు. ఎంత చెప్పాలెనో మీ నాయినతోని కూసొని ఇయ్యాల రాత్రే అనుకో. ఆయనకు సెకండ్ షిఫ్టు, పదకొండు దాటినంక వస్తడు. పండుకోకు.