పంపబడినవాని చేయి



నేను పుట్టుకతో లూథరన్‌ను. కోయంబత్తూరులో మా తాతముత్తాతల నాటినుండి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళము. ఆదివారము ఉదయము ఆరాధన తమిళ లూథరన్ ఆలయములో, సాయంకాలము మీ తెలుగు కూడికలో. తెలుగు అక్షరాలు దిద్దుకున్నది మీ సండేస్కూలులోనే గనుక ఈ సంగతి మీకే వ్రాస్తున్నాను.

ఆ మధ్య మా సంఘము నన్ను లూథరన్ల జాతీయ సమావేశమునకు ప్రతినిధిగా పంపింది. మన దేశపు లూథరన్ సంఘాలు 1926లో ఒక సమాఖ్యగా కూడాయి. 1975లో అది ఐక్య సువార్త లూథరన్ సంఘమైంది. పేరుకు ఐక్యమే గాని గుంటూరువారి పాట వేరు, రాంచీవారి పాట వేరు. భోజనాల దగ్గర మాత్రము అందరిదీ ఒకే వరుస.

సంఘ కమిటీలలో స్త్రీలకు నూటికి 40 స్థానములు ఇవ్వాలన్న తీర్మానము వస్తుందని మా పెద్దలకు ముందే తెలుసు. "మనము వ్యతిరేకము. అలాగే చేయి ఎత్తిరా" అన్నారు. ప్రపంచ లూథరన్ సమాఖ్య తన మహాసభల విషయములో ఈ లెక్కే 1984లో బుడాపెస్టులో పెట్టుకున్నది గాని, మావాళ్ళకు అది దూరపు సంగతి. నేనూ తల ఊపి బయలుదేరాను.

సభలో జార్ఖండ్ సహోదరి ఒకామె హిందీలో మాట్లాడింది. ఒకరు ఇంగ్లీషులో చెప్పారు, పక్కనున్నాయన తమిళములో నా చెవిన వేశాడు, నేను తెలుగులో అర్థము చేసుకున్నాను. ఇన్ని నోళ్ళు మారినా ఆ మాట చల్లారలేదు. వాళ్ళ ఊరి ఆలయానికి ఇటుకలు మోసింది స్త్రీలు, పిడికెడు బియ్యము తీసిపెట్టి కానుక తెచ్చేది స్త్రీలు, లెక్కలు చూసేటప్పుడు మాత్రము బయట కూర్చునేది కూడా వాళ్ళే అన్నది. మా ఆలయములోనూ అంతే గదా అనిపించింది. అనుకూలురు చేతులెత్తమన్నారు. నా చేయి సగము లేచింది. పెద్దల ముఖాలు గుర్తుకొచ్చి దించుకున్నాను. వ్యతిరేకులను అడిగినప్పుడూ ఎత్తలేదు.

అప్పటినుండి నాకు నెమ్మది లేదు. పంపినవారి మాట తప్పితే నమ్మకద్రోహము. విని, నిజమని తెలిసినదానిని కాదంటే మనస్సాక్షికి ద్రోహము. 1521లో వోర్మ్స్ సభ ఎదుట లూథరు మనస్సాక్షికి విరోధముగా నడువలేనన్నాడని మేము గర్వముగా చెప్పుకుంటాము. కాని ఆయనను ఏ సంఘమూ ప్రతినిధిగా పంపలేదు. తన పుస్తకాలకు తానే జవాబు చెప్పుకోవడానికి వెళ్ళాడు. నా చేయి నా ఒక్కడిది కాదు గనుక ఆ పోలిక నాకు అక్కరకు రాలేదు. ప్రతి సంఘము తన తీర్మానము తానే చేసుకునే మీ బాప్తిస్టులకు ఈ చిక్కు ఉండదని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. మీరు కూడా సమావేశాలకు మనుష్యులను పంపుతారు, వారూ అక్కడ క్రొత్త మాట వింటారు.

మదురైలోని మా మేనత్తకు చెప్పుకున్నాను. ఆమె మాట్లాడేది తెలుగు, చదివేది తమిళ బైబిలు. "ఏమీ వినకుండా రావాలంటే నిన్నెందుకు పంపాలిరా? ఒక కార్డు ముక్క వేస్తే పోయేది గదా" అన్నది.

ఇంటికొచ్చి అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయము మళ్ళీ చదివాను. యెరూషలేము సంఘము అంతియొకయవారికి పత్రిక వ్రాసి ఊరుకోలేదు. నోటిమాటగా తెలియజేయడానికి యూదాను, సీలను వెంట పంపింది. అంతకుముందు అక్కడ బహు తర్కము కూడా జరిగింది. ఎవరి మనసూ మారకూడదంటే అంత తర్కమెందుకు? నేను చేయి ఎత్తవలసింది. తరువాత పంపినవారి ఎదుట నిలబడి ఎందుకు ఎత్తానో చెప్పవలసింది. మనస్సాక్షి మాట వింటే సరిపోదు, ఈ రెండవ పని కూడా ప్రతినిధిదే అని నా అభిప్రాయము. నేను రెండూ తప్పించుకున్నాను.

ఆలస్యముగానైనా కమిటీలో ఉన్నదున్నట్లు చెప్పాను. వచ్చేసారి వేరొకరిని పంపుదామని ఒక పెద్దాయన అన్నారు. ఇంకొకాయన కాసేపు ఊరకుండి, ఆ సహోదరి ఏమన్నదో మొదటినుండి చెప్పమన్నారు. చెప్పాను. ఈస్టరు తరువాత మళ్ళీ మాట్లాడాలని మినిట్సులో వ్రాసుకున్నారు.